ఇసుక మీదికి లాగే పడవకు ఎకో బిగించడం ఎలా

ఒడిశాలోని గంజాం తీరంలో ఆర్యపల్లి, గోపాలపూర్ నుంచి కిందికి సోనపూర్ దాకా మన తెలుగువాళ్ల ఫైబర్ పడవలు చాలావరకు ఇసుక మీదే ఉంటాయి. వేటకు పోయేటప్పుడు కెరటాల్లోకి తోస్తాం, తిరిగి వచ్చాక నలుగురం పట్టి ఇసుక మీదికి లాగుతాం. నీళ్లలోకి శబ్దం పంపి లోతునూ చేపలనూ స్క్రీన్ మీద చూపే పెట్టె ఎకో సౌండర్, మనం ఎకో అంటాం. అది కొంటే డబ్బాలో వచ్చే పుస్తకానికి ఈ సంగతి తెలియదు. జెట్టీకి కట్టి ఉంచే పడవ కోసం రాసిన పుస్తకం అది.

నేను మొదటిసారి ఆ పుస్తకం చూసే ట్రాన్స్‌డ్యూసర్‌ని, అంటే శబ్దం పంపి తిరిగొచ్చేది వినే ఎకో 'కన్ను'ని, పడవ వెనక పలకకు బిగించాను. మూడో రోజు పడవను ఒడ్డుకు లాగుతుంటే బ్రాకెట్ ఇసుకలో దిగబడి విరిగింది. వెనకాలే వచ్చిన కెరటం దాన్ని లాక్కుపోయింది, తెగిన కేబుల్ ఒక్కటే చేతికొచ్చింది. మా పెద్దనాన్న చూసి, "పెట్టె ఎక్కడ పెట్టాలో రెండ్రోజులు చూశావు. దాని కన్ను ఎక్కడ పెట్టాలో ఎవర్నన్నా అడిగావురా?" అన్నారు. అప్పటినుంచి ఎవరు ఎకో కొంటామని వచ్చినా స్క్రీన్ సంగతి తర్వాత, ముందు మీ పడవ అడుగు చూపించండి అంటాను. మీరూ అక్కడినుంచే మొదలుపెట్టండి.

అది ఎలా పనిచేస్తుంది

ట్రాన్స్‌డ్యూసర్ లోపల పింగాణీ లాంటి బిళ్ల ఒకటి ఉంటుంది. దానికి కరెంటు అందితే కంపిస్తుంది, ఆ శబ్దం నీళ్లలోకి దిగుతుంది. నేలను తాకి తిరిగొచ్చిన శబ్దం అదే బిళ్లను కదిలిస్తే మళ్లీ కరెంటు పుడుతుంది. పోయి రావడానికి పట్టిన టైమును బట్టి పెట్టె లోతు లెక్క కడుతుంది. సముద్రపు నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. 30 మీటర్ల లోతుంటే పోయి రావడం 60 మీటర్లు, అంటే సెకనులో 25వ వంతు.

ఈ శబ్దం నీళ్లలో బాగా పోతుంది, గట్టి ఫైబర్‌లోంచి కూడా పోతుంది. మధ్యలో గాలి అడ్డొస్తే మాత్రం అక్కడికక్కడే వెనక్కి తిరిగిపోతుంది. సన్నటి గాలి పొర చాలు, కింద నేల కనపడకుండా పోవడానికి. ఇక్కడ చెప్పే జాగ్రత్తల్లో సగానికి పైగా ఈ గాలి గురించే.

ఏది కొనాలి

రెండు ఫ్రీక్వెన్సీలు ఎక్కువగా దొరుకుతాయి: 200 కిలోహెర్ట్జ్, 50 కిలోహెర్ట్జ్. 200ది సన్నటి శబ్దపు ధార. లోతు తక్కువున్న చోట నేల ఎగుడుదిగుడులు, నేలకు దగ్గరగా ఉన్న చేపలు విడివిడిగా కనపడతాయి. 50ది వెడల్పు ధార. లోతుకు పోతుంది కానీ బొమ్మ మొద్దుగా ఉంటుంది. ధార కోణం 20 డిగ్రీలైతే అది చూసే నేల వెడల్పు లోతులో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. 30 మీటర్ల లోతులో సుమారు పదిన్నర మీటర్లు. అదే 45 డిగ్రీలైతే 25 మీటర్లు. వెడల్పు ధార ఎక్కువ చేపలను చూపిస్తుంది, నిజమే. కానీ ఆ చేప పడవ కింద ఉందా, పక్కన పన్నెండు మీటర్ల దూరంలో ఉందా అన్నది మాత్రం చెప్పదు.

పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చే పడవలకు, కవళ్లకూ కానాగడతలకూ వల వేసేవాళ్లకు 200 సరిపోతుంది. వంజరానికి దూరం పోయేవాళ్లు రెండూ ఉన్నది తీసుకోండి. చర్ప్ అని రాసి ఉంటే, అది ఒకే ఫ్రీక్వెన్సీ కాకుండా కింది నుంచి పైకి ఒక వరుసలో శబ్దం పంపే రకం. దగ్గర దగ్గరగా ఉన్న రెండు చేపలను ఇది బాగా విడదీస్తుంది. డబ్బులుంటే తీసుకోవచ్చు, లేకపోతే పని ఆగిపోదు. వాట్లు చూసేటప్పుడు 'పీక్' అని రాసిన పెద్ద అంకె చూసి మోసపోకండి, 'ఆర్ఎంఎస్' (సగటు బలం) అని ఉన్నదే చూడండి.

పడవ పక్కలనూ (సైడ్ స్కాన్) కిందనూ (డౌన్ స్కాన్) ఫోటోలాంటి బొమ్మలు చూపించే ట్రాన్స్‌డ్యూసర్లు చూడ్డానికి బాగుంటాయి. అయితే వాటి ముఖం నేరుగా నీళ్లను తాకాలి, పడవ లోపల అతికిస్తే ఆ బొమ్మలు రావు. మీది లోపల అతికించే పడవైతే వాటికి డబ్బు పోయకండి. గార్మిన్, లోరెన్స్, ఫురూనో, హమ్మిన్‌బర్డ్ దేని ప్లగ్గు దానిది. అందుకని పాత పెట్టెకు కొత్త ట్రాన్స్‌డ్యూసర్ కొనేటప్పుడు ప్లగ్గు పిన్నులు లెక్కపెట్టి ఫోన్‌లో ఫోటో తీసుకుని వెళ్లండి. స్క్రీన్ మీద ఐపీఎక్స్7 అని ఉందో లేదో చూడండి. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి తడి రాదని దాని అర్థం. కెరటం దాటే పడవకు అంతకంటే తక్కువది వద్దు.

రంభ వైపు చిలికా సరస్సులో తిరిగే పడవలకు ఇంత లెక్క అక్కర్లేదు. అక్కడ చాలాచోట్ల లోతు రెండు మూడు మీటర్లే. 200 ఉన్న చిన్నది చాలు, అదీ గడ్డి దట్టంగా ఉన్నచోట గడ్డినే నేల అనుకుంటుంది.

కన్ను ఎక్కడ పెట్టాలి

మన పడవకు దారులు మూడు. లోపల అతికించడం, పక్కన ఎత్తి దించుకునే కడ్డీకి కట్టడం, వెనక పలకకు బిగించడం. పడవ అడుగుకు రంధ్రం కొట్టి పెట్టే నాలుగో రకం పెద్ద బోట్లది. ఇసుక మీద లాగే పడవకు దాని జోలికి వెళ్లకండి, ఏదో ఒక రోజు నీళ్లు లోపలికొస్తాయి.

పడవ అడుగు గట్టి ఫైబర్ అయితే లోపల అతికించడమే మంచిదని నా గట్టి నమ్మకం. ఇసుక తగలదు, వల తగులుకోదు, కెరటం కొట్టదు. శబ్దం బలం కొంత తగ్గుతుంది, నీటి వేడి చూపించదు. మన లోతులకు అది పెద్ద నష్టం కాదు.

ముందు అడుగు నిజంగా గట్టిదో కాదో తేల్చుకోవాలి. పడవ తేలడానికి కొందరు రెండు పొరల మధ్య ఫోం పోస్తారు, కొందరు ప్లైవుడ్ పెడతారు. ఫోం నిండా గాలే, శబ్దం దాటదు. చెక్కలోనూ అంతే. పడవ కట్టినవాణ్ని అడగండి. దొరక్కపోతే సుత్తి పిడితో తట్టుకుంటూ పోండి. గట్టి చోట 'టక్' మంటుంది, ఫోం ఉన్నచోట 'డబ్' మంటుంది. చెక్క పడవలకూ, పాత తెప్పలకూ లోపల అతికించే మాటే లేదు, వాళ్లు సరాసరి కడ్డీ దగ్గరికి రావచ్చు.

చోటు ఎంచుకునేటప్పుడు పడవ వెనక సగంలో, నడిమి వెన్నుకు పక్కగా, చదునుగా ఉన్న చోటు చూడండి. పడవ పరుగెత్తేటప్పుడు కూడా ఆ అడుగు నీళ్లలోనే ఉండాలి. దానికి ముందు అడుగున పట్టీలు, అతుకులు, బోల్టు తలలు ఉండకూడదు. అవి బుడగలు లేపుతాయి, ఆ బుడగలు సరిగ్గా కన్ను కిందినుంచే పోతాయి.

అతికించే ముందు సంచి పరీక్ష తప్పకుండా చేయండి. దీనికి అరపూట పోతుంది, అంతే. ఒక పాలిథిన్ సంచిలో గాలి లేకుండా నీళ్లు నింపి, ట్రాన్స్‌డ్యూసర్‌ని అందులో పెట్టి మూతి కట్టండి. పడవ లోపల అనుకున్న చోట కాస్త నీళ్లు పోసి సంచిని దాని మీద అదిమి పట్టుకోండి. అలలు తక్కువున్న రోజు పది మీటర్ల లోతులో ఒకసారి, ముప్పై మీటర్లలో ఒకసారి చూడండి. తర్వాత అదే చోట ట్రాన్స్‌డ్యూసర్‌ని పక్కనుంచి నీళ్లలోకి దించి చూడండి. లోపలినుంచి చూసిన లోతూ బయటినుంచి చూసిన లోతూ ఒకటే వచ్చి, లోపలినుంచి చూసినప్పుడు స్క్రీన్ మీద నేల గీత కొంచెం పలచబడితే ఆ చోటు మంచిదే. గీత అసలు రాకపోతే ఒక అడుగు అటూ ఇటూ జరిపి మళ్లీ చూడండి.

అతికించడం

ఈ పనికి వేట లేని రోజులే అదను. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు నిషేధం. రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర తాబేళ్ల కోసం నవంబర్ 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట ఉండదు. జూన్‌లో వానలు మొదలు కాకముందే పని ముగించండి. తడి ఫైబర్ మీద ఏదీ అంటుకోదు.

రెండు గొట్టాల ఎపాక్సీ జిగురు కావాలి. బరంపురంలో హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది, అక్కడ చాలామందితో తెలుగులోనే మాట్లాడొచ్చు. ఐదు నిమిషాల్లో గట్టిపడేది వద్దు, నెమ్మదిగా గట్టిపడే రకం అడగండి. తొందరగా గట్టిపడే దానిలో బుడగలు పైకి వచ్చే టైము ఉండదు. సిలికాన్ అసలు వాడకండి. రబ్బరులా ఉండి శబ్దాన్ని మింగేస్తుంది.

చోటును 80 నంబరు గరుకు కాగితంతో రంగు పోయి ఫైబర్ కనపడేదాకా రుద్దండి. దుమ్ము తుడిచి, అసిటోన్ గుడ్డతో ఫైబర్‌ని ఒకసారి తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. అసిటోన్ ట్రాన్స్‌డ్యూసర్‌కి మాత్రం తగలనివ్వకండి, దాని ప్లాస్టిక్ పగులుతుంది. దాని ముఖాన్ని సన్న కాగితంతో పైపైన గరుకు చేస్తే చాలు. చోటు చుట్టూ పుట్టీతో చిన్న గట్టు కట్టండి, ఎపాక్సీ పారిపోకుండా.

ఎపాక్సీని నిదానంగా కలపండి. గబగబా గిలక్కొడితే నురగ పడుతుంది, ఆ నురగే రేపు మీ నేలను దాచేస్తుంది. గట్టులో సన్నటి పొర పోయండి. మన ఎండకు మందంగా పోస్తే తనంతట తానే వేడెక్కి పగుళ్లిస్తుంది, అందుకే ఈ పని పొద్దున్నే నీడలో చేయాలి. ట్రాన్స్‌డ్యూసర్‌ని ఒక అంచునుంచి మెల్లగా దించి, అటూ ఇటూ తిప్పుతూ అదమండి. కింద ఇరుక్కున్న గాలి బయటికొస్తుంది. దాని ముఖం నేరుగా కిందికి చూడాలి, ముందుకో పక్కకో వాలితే లోతు ఎక్కువ చూపిస్తుంది. చిన్న బరువు పెట్టి ఒక రోజంతా ముట్టుకోకుండా వదిలేయండి.

అడుగు బాగా వాలుగా ఉండి ఇలా కుదరకపోతే ఇంకో పద్ధతి ఉంది. ప్లాస్టిక్ పైపు ముక్కను ఆ వాలుకు తగ్గట్టు కోసి అడుగుకు అతికించి, అందులో నూనె పోసి, ట్రాన్స్‌డ్యూసర్‌ని నిటారుగా ముంచి పైన మూత బిగించడం. ఆముదం దీనికి చక్కగా పనికొస్తుంది. ఆముదంలో శబ్దం నడక నీళ్లలో నడకకు బాగా దగ్గర, అందుకే శబ్దంతో నీళ్లలో వెతికే సోనార్ పరికరాల్లో ఆముదాన్ని ఎన్నాళ్లుగానో నింపుతున్నారు. మన పొలాల్లో పండేది అంత పెద్ద పనికి వాడతారని తెలిసిన రోజు నాకు భలే సంతోషమేసింది.

కడ్డీ, వెనక పలక

కడ్డీ కట్టేవాళ్లు స్టెయిన్‌లెస్ పైపు తీసుకోండి. మామూలు ఇనుము ఈ ఉప్పుగాలికి ఒక్క వర్షాకాలం ఆగదు. పడవ నడిమికి కొంచెం వెనగ్గా, వల లాగే వైపు కాకుండా రెండో వైపు పెట్టండి. ఇది మరిచిపోతే మొదటి రోజే వల చిక్కుకుంటుంది. పైన ఒక బోల్టు మీద తిరిగేలా, కింది కొస నుంచి పడవ ముందుకు ఒక తాడు లాగి కట్టేలా చేయండి. తాడు లేకపోతే పరుగులో కడ్డీ వెనక్కి వాలుతుంది, కన్ను కింది నేలను వదిలేసి వెనక నేలను చూస్తుంది. కెరటాల వరుస రాకముందే కడ్డీ ఎత్తి కట్టేయడం ఒక మనిషికి పనిగా అప్పజెప్పండి.

బాహుదా నది మొగ లోపల నీళ్లలోనే లంగరేసి ఉంచే పడవలకు వెనక పలక పనికొస్తుంది. ప్రొపెల్లర్‌కి కనీసం 38 సెంటీమీటర్ల దూరం ఉండాలి. వెనకనుంచి చూస్తే కుడివైపు తిరిగే ప్రొపెల్లర్‌కి కుడి పక్క మంచిది, అక్కడ రెక్కలు కిందికి దిగుతాయి కాబట్టి బుడగలు తక్కువ. ట్రాన్స్‌డ్యూసర్ ముఖం పడవ అడుగుకంటే కొన్ని మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. ఎంతన్నది దాని పుస్తకంలో ఉంటుంది, ఈ ఒక్క విషయంలో ఆ పుస్తకాన్నే నమ్మండి. ప్రతి స్క్రూ రంధ్రంలోనూ పడవలకు వాడే సీలెంట్ నింపి బిగించండి.

కేబుల్, బ్యాటరీ

కేబుల్ పొడుగైతే చుట్టి కట్టండి, కోయకండి. కోసి అతికిన చోట ఉప్పు చేరుతుంది, స్క్రీన్ నిండా చుక్కలు పడతాయి. ఇంజను వైర్ల పక్కనుంచి, వైర్‌లెస్ సెట్ యాంటెనా వైరు పక్కనుంచి దాన్ని పోనివ్వొద్దు.

12 వోల్టుల బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టండి. ఎన్ని ఆంపియర్లదో పెట్టె మీద రాసి ఉంటుంది. సెల్ఫ్ స్టార్ట్ ఇంజను ఉన్నవాళ్లు ఆ బ్యాటరీకే కలిపితే స్టార్ట్ చేసిన ప్రతిసారీ పెట్టె ఆగి మళ్లీ మొదలవుతుంది. విడిగా చిన్నది పెట్టుకోండి. పెట్టె 0.8 ఆంపియర్లు తాగితే పది గంటలకు 8 ఆంపియర్ అవర్లు కావాలి. బ్యాటరీని సగానికంటే కిందికి దించకూడదు కాబట్టి అంతకు రెట్టింపుది కొనండి. యూపీఎస్‌లో వాడే 7 ఆంపియర్ అవర్లది తెచ్చి 'రాత్రికల్లా ఆరిపోతోంది' అనేవాళ్లకు ఈ లెక్కే జవాబు.

మొదటిరోజు సముద్రంలో

సెట్టింగుల్లో ఉప్పునీరు అని పెట్టండి. లోతు కొలత మీటర్లలో కావాలో ఫాదమ్‌లలో కావాలో ఎంచుకోండి. ఫాదమ్ అంటే మన బారే, ఆరడుగులు, 1.83 మీటర్లు. ఇరవై బారలంటే ముప్పై ఆరున్నర మీటర్లు. పెద్దవాళ్లు పడవలో ఉంటే బారల్లో పెట్టండి. వాళ్లకు తెలిసిన చోట్లన్నీ బారల్లోనే గుర్తున్నాయి. మహేంద్రగిరి ఎక్కడ, దీపస్తంభం ఎక్కడ వస్తే ఎన్ని బారలో వాళ్లు చెప్తారు, పెట్టె చూపేదానితో సరిచూసుకోవచ్చు.

తర్వాత సీసం గుండు కట్టిన తాడుతో కొలవండి. లంగరేసి, గుండు నేలను తాకేదాకా వదిలి, నీటిమట్టం దగ్గర ముడేసి కొలిచి చూడండి. పెట్టె కొద్దిగా తక్కువ చూపిస్తే, కన్ను నీటిమట్టానికి కింద ఎంత ఉందో ఆ తేడా అది. సెట్టింగుల్లో ఆ అంకె ఇవ్వొచ్చు. సరిగ్గా రెట్టింపు చూపిస్తే అది నేలనుంచి వచ్చి పడవ అడుగును తాకి మళ్లీ నేలకు పోయొచ్చిన రెండో మోత. సెన్సిటివిటీ తగ్గించండి.

ఇంజను ఆపి ఒకసారి, నెమ్మది పరుగులో ఒకసారి, పూర్తి పరుగులో ఒకసారి స్క్రీన్ చూడండి. నిలబడి ఉంటే బాగుండి పరుగులో నేల పోతే అది కన్ను కింది బుడగల పని. పడవ కదలకపోయినా ఇంజను వేయగానే గీతలు పడితే అది వైర్ల గోల.

నేల గీత మందంగా, గాఢంగా ఉండి కింద ఇంకో నీడ గీత ఉంటే గట్టి నేల, రాయి కావచ్చు. పలచగా ఉంటే బురద. అడుగు వల వేసేవాళ్లకు ఈ ఒక్క ముక్క తెలిస్తే వల చిరగకుండా మిగులుతుంది.

ఒక్క చోట మాత్రం ఎకోని నమ్మకండి, ప్రాణం మీది సంగతి కాబట్టి గట్టిగా చెప్తున్నాను. మొగ దాటేటప్పుడు, కెరటం విరిగే చోట, నీళ్లనిండా నురగే. నురగంటే గాలి. అక్కడ పెట్టె చూపే అంకె అంతకుముందు పట్టుకున్న పాత అంకె కావచ్చు, ఉత్త తప్పూ కావచ్చు. పైగా అది పడవ కిందే చూస్తుంది, ముందున్న ఇసుక మేటను చూడలేదు. వరదల తర్వాత రుషికుల్య మొగలోనూ బాహుదా మొగలోనూ మేటలు చోటు మారతాయి. అక్కడ కెరటం తీరు చూసి పడవ నడిపే పెద్దవాళ్ల మాటే వినండి.

చూసుకోవడం

బయట ఉన్న కన్నును వేట నుంచి రాగానే మంచినీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో తుడవండి. ముఖం మీద పాచి, గుల్లలు పట్టకముందే తీసేయడం తేలిక. పట్టాక ప్లాస్టిక్ ముక్కతో మెల్లగా గీకి, నీళ్లలో తడిపిన సన్న గరుకు కాగితంతో రుద్దండి. చాకు, తీగ బ్రష్షు, థిన్నర్, పెట్రోలు వద్దు. పడవ అడుగుకు పూసే రంగు దానికి పూయకండి. పూయాలనుకుంటే నీళ్లతో కలిపే రకం మాత్రమే, అదీ ఒక్క పలచటి పూత. పడవ ఒడ్డున ఉన్నప్పుడు పెట్టెను ఊరికే ఆన్ చేసి ఉంచొద్దు.

లోపల అతికించినదానికి పని తక్కువ. ఏడాదికోసారి ఎపాక్సీ అంచు లేచిందేమో గోటితో చూడండి. లేస్తే లోపలికి గాలి పోయినట్టే. మొత్తం తీసి మళ్లీ అతికించాలి, పైన ఇంకో పూత పోసి సరిపెట్టుకుంటే లాభం లేదు.

ప్లగ్గు పిన్నుల మీద పచ్చటి చిలుము కనపడితే మెత్తటి బ్రష్షుతో తీసి, కరెంటు ప్లగ్గులకు వాడే గ్రీజు కొంచెం రాయండి. స్క్రీన్‌ని రోజూ విప్పి ఇంటికి తెచ్చుకోండి, కేబుల్ మూతికి దాని మూత పెట్టి మడిచి పైన కట్టేయండి. వేట లేని రెండు నెలల్లో కేబుల్‌కి అసలు శత్రువులు ఎలుకలు. వలల గుడిసె పక్కన పడవ పెడితే ఒక్క రాత్రి చాలు. మా గట్టున ఇప్పుడు అందరం కేబుల్ చుట్టను పాత సైకిల్ ట్యూబులో దూర్చి రెండు కొసలూ కట్టేస్తున్నాం. జూన్‌లో పడవ దించే వారం ముందు ట్యూబు విప్పి, కేబుల్ పొడవునా చేత్తో తడుముకుంటూ పోయి కొరికిన చోటు లేదని చూసుకున్నాకే స్క్రీన్ తగిలిస్తాం.